అమీగాకి సపోర్ట్ ఉంది, ఇటానియమ్‌కి లేదు: పాత కంప్యూటర్లని ఓపెన్ సోర్స్ ఎప్పుడు వదిలేస్తుంది, ఎందుకు వదిలేస్తుంది

క్లుప్తంగా: పాత లేదా అరుదైన కంప్యూటర్‌కి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సపోర్ట్ పోవడానికి ఆ మెషీన్ వయసు అసలు కారణం కాదు. దాని కోడ్ చూసుకునే మనిషి, దానికి కోడ్ తయారుచేసే కంపైలర్, టెస్ట్ చెయ్యడానికి పనిచేసే ఒక మెషీన్, ఈ మూడిట్లో ఏది పోయినా సపోర్ట్ పోతుంది. ఈ మూడూ ఉండి కెర్నల్ (హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) నడిచినా, రోజువారీ వాడకానికి అడ్డం పడేది ఎక్కువగా బ్రౌజరే.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకొచ్చింది

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, మైక్రోసాఫ్ట్ లిస్ట్‌లో ఉన్న ప్రాసెసర్ కావాలి అంటుంది కాబట్టి బాగానే పనిచేస్తున్న సిస్టమ్స్ కూడా చాలా బయటే ఉండిపోయాయి. అలాంటప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే, లినక్స్ వేసుకో, ఎంత పాతదైనా నడుస్తుంది అని. సరిగ్గా అదే టైమ్‌లో వచ్చిన వార్తలు చూస్తే మాత్రం కథ రివర్స్‌లో ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్ రకంలో 32-బిట్ పీసీకి ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ ప్యాకేజీ కూడా లేదు. 32-బిట్ లినక్స్‌కి ఫైర్‌ఫాక్స్ 144 చివరిది. లినక్స్ లాంటిదే ఇంకో ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ 15 కూడా 32-బిట్ ఎక్స్86ని, అంటే పాత పీసీ ప్రాసెసర్లని పక్కన పెట్టేసింది. లినక్స్ కెర్నల్ నుంచి 486 ప్రాసెసర్ సపోర్ట్ తీసేద్దామని 2025లోనే ప్యాచ్‌లు వచ్చాయి.

ఈ రెండు మాటలూ నిజమే, కాకపోతే అవి వేర్వేరు మెషీన్ల గురించి. విండోస్ 11 బయట పెట్టిన సిస్టమ్ దాదాపు ఎప్పుడూ 64-బిట్‌దే, 2010 తర్వాత కొన్న మామూలు ల్యాప్‌టాప్ అయితే దానికి ఇవాళ్టి ఏ పెద్ద డిస్ట్రో (డెబియన్ లాంటి లినక్స్ రకం) అయినా ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది, మెమరీ 4 జీబీ ఉంటే డెస్క్‌టాప్ కూడా బాగానే నడుస్తుంది. అసలు చిక్కంతా అంతకన్నా పాతవాటితో, లేదా మొదట్నుంచీ అరుదుగా ఉన్నవాటితో.

సపోర్ట్ అంటే ఒక్కటి కాదు

"ఈ మెషీన్‌కి లినక్స్ సపోర్ట్ ఉందా" అని అడిగితే అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేం, ఎందుకంటే ఆ ప్రశ్నలో కనీసం ఐదు ప్రశ్నలున్నాయి. మెషీన్‌లోని ఫర్మ్‌వేర్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే లోపలి ప్రోగ్రామ్) బూట్ కానిస్తుందా, కెర్నల్‌కి ఆ ప్రాసెసర్ తెలుసా, కంపైలర్ దానికి కోడ్ తయారుచేస్తుందా, డిస్ట్రో దాని కోసం ప్యాకేజీలు కట్టి పెడుతుందా, చివరికి బ్రౌజర్ నడుస్తుందా. ఒక్కో పొరని ఒక్కో టీమ్ చూసుకుంటుంది, ఎవరి నిర్ణయం వాళ్లదే, ఒకళ్లు ఆపేస్తే మిగతావాళ్లని అడిగి ఆపరు.

మొదటి పొర దగ్గరే ఆగిపోయినవి కూడా ఉన్నాయి. 2013 తర్వాత ఇంటెల్ బే ట్రెయిల్ చిప్‌తో వచ్చిన చవక టాబ్లెట్లలో చాలావాటికి ప్రాసెసర్ 64-బిట్, ఫర్మ్‌వేర్ మాత్రం 32-బిట్. మామూలు 64-బిట్ ఇన్‌స్టాలర్ పెన్ డ్రైవ్ పెడితే అందులో ఫర్మ్‌వేర్‌కి అర్థమయ్యే 32-బిట్ బూట్‌లోడర్ ఫైల్ ఉండదు కాబట్టి దానికి ఏమీ కనపడదు, చూసేవాళ్లు మెషీన్ పాడైందనుకుంటారు. ప్రాసెసర్‌కీ కెర్నల్‌కీ ఏ లోపం లేదు, ఆ చిన్న ఫైల్ ఒక్కటీ పెడితే బూట్ అవుతుంది. తొలినాటి ఇంటెల్ మ్యాక్‌లలో కొన్నిటితో కూడా ఇదే తంటా.

386 ఎలా పోయింది, 486 ఎందుకు పోబోతోంది

లినక్స్ పుట్టిందే 1991లో 386 పీసీ మీద. అలాంటి 386కి సపోర్ట్ 2013 ఫిబ్రవరిలో వచ్చిన కెర్నల్ 3.8లో తీసేశారు. పాతదైపోయింది అన్న ఒక్క ముక్కతో దీన్ని సరిపెడతారుగానీ లోపల జరిగింది చూస్తే ఇలాంటి నిర్ణయాలన్నీ ఎలా జరుగుతాయో తెలుస్తుంది.

మెమరీలో ఒక పేజీని "రాయొద్దు, చదవడానికి మాత్రమే" అని గుర్తు పెడతారు. మామూలు ప్రోగ్రామ్ దాంట్లో రాయబోతే ప్రాసెసర్ ఆపి కెర్నల్‌కి చెబుతుంది. 386లో ఉన్న చిక్కేంటంటే కెర్నలే స్వయంగా రాస్తుంటే ఆ గుర్తుని ప్రాసెసర్ అసలు పట్టించుకోదు, రాసుకోనిస్తుంది. రెండు ప్రాసెస్‌లు ఒకే పేజీని పంచుకుంటూ ఎవరైనా మార్చినప్పుడే వేరే కాపీ చేసుకునే పద్ధతి మొత్తం ఆ గుర్తు మీదే ఆధారపడి ఉంటుంది, కాబట్టి 386 కోసం కెర్నల్ యూజర్ మెమరీలో రాసే ముందు ప్రతిసారీ చేత్తో చెక్ చేసుకోవాల్సి వచ్చేది. 486లో ఒక కంట్రోల్ బిట్ పెట్టి దీన్ని సరిచేశారు. అలాగే మెమరీలో ఉన్న విలువని పోల్చి, అదే అయితే ఒకే దెబ్బలో మార్చే ఇన్‌స్ట్రక్షన్ కూడా 486తోనే వచ్చింది. ఈ రోజుల్లో కెర్నల్‌లో లాకింగ్ అంతా దాని మీదే నడుస్తుంది. 386లో అది లేదు కాబట్టి ఇంటరప్ట్‌లు (మధ్యలో ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్స్) ఆపి, పని చేసి, మళ్లీ తెరిచే ప్రత్యేక కోడ్ మోయాలి.

486 పరిస్థితి కూడా ఇంతే, ఒక మెట్టు పైన అంతే. 8 బైట్లని ఒకేసారి పోల్చి మార్చే ఇన్‌స్ట్రక్షన్, టైమ్ కొలిచే సైకిల్ కౌంటర్, ఈ రెండూ 1993లో పెంటియమ్‌తో వచ్చాయి. అవి లేని చిప్‌ల కోసం కెర్నల్‌లో ఎమ్యులేషన్ కోడ్ ఉంది, కో-ప్రాసెసర్ లేని 486 ఎస్‌ఎక్స్‌ల కోసం ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లో చేసే ఒక పూర్తి లైబ్రరీ ఉంది. వీటిని వాడేవాళ్లు దాదాపు లేరు, కానీ పక్కన ఏ కోడ్ మార్చినా ఇది విరగకుండా చూసుకోవాలి. 2025 ప్యాచ్‌ల వెనక వాదన ఇదే, మిగతా కోట్ల మెషీన్ల కోసం పనిచేసేవాళ్ల టైమ్ దీనికి పోతోందని. ఆ వాదనలో న్యాయముంది.

ఒక్కోసారి ఇంకా చిన్న విషయం చాలు. 2023లో వచ్చిన డెబియన్ 12, ఏఎండీ జియోడ్ ఎల్‌ఎక్స్ ప్రాసెసర్లని వదిలేసింది, ఓఎల్‌పీసీ ఎక్స్‌ఓ-1 పిల్లల ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఈ చిప్పే. కారణం "లాంగ్ నోప్" అనే ఇన్‌స్ట్రక్షన్, అంటే ఏ పనీ చెయ్యకుండా ముందుకెళ్లిపో అని చెప్పే ఆదేశం, దాని పొడుగు రూపం. కొత్త కంపైలర్ సెట్టింగ్స్‌తో కట్టిన ప్రోగ్రామ్‌లలో అది వస్తుంది, జియోడ్‌కి అది తెలియదు, తెలియని ఇన్‌స్ట్రక్షన్ అని ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఏ పనీ చెయ్యని ఒక ఆదేశం దగ్గర ఒక ప్రాసెసర్ ఫ్యామిలీ మొత్తం ఆగిపోయింది!

వయసే కారణమైతే అమీగా ఎప్పుడో పోవాలి

2018లో వచ్చిన లినక్స్ 4.17లో ఒకేసారి ఎనిమిది ఆర్కిటెక్చర్లు (ప్రాసెసర్ రకాలు) తీసేశారు: బ్లాక్‌ఫిన్, క్రిస్, ఎఫ్‌ఆర్‌వీ, ఎం32ఆర్, మెటాగ్, ఎంఎన్10300, స్కోర్, టైల్. దాదాపు 5 లక్షల లైన్ల కోడ్ పోయింది. ఇవేమీ పురాతన చిప్‌లు కావు, కొన్ని 2000 తర్వాత పుట్టినవే. కంపెనీ ఆసక్తి పోయింది, కొత్త కెర్నల్‌తో ఎవరూ వాడట్లేదు, అందుకే పోయాయి. అదే వెర్షన్‌లో ఎన్‌డీఎస్32 అనే కొత్త ఆర్కిటెక్చర్ లోపలికొచ్చింది, 2022లో 5.18కల్లా అదీ బయటికెళ్లిపోయింది. హెచ్8/300 అయితే ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చి, 5.19లో రెండోసారి పోయింది.

ఇటానియమ్ ఇంకా పెద్ద ఉదాహరణ. 2001లో ఇంటెల్, హెచ్‌పీ లాంటి కంపెనీలు వెనకుండి తెచ్చిన సర్వర్ ప్రాసెసర్ అది, 2021 వరకు షిప్ అవుతూనే ఉంది. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7లో దాన్ని తీసేశారు, అంటే చివరి చిప్ అమ్మిన మూడేళ్లలోపే. మరోపక్క మోటరోలా 68000 ఫ్యామిలీ, అంటే 1990 నాటి అమీగా 3000, అప్పటి మ్యాకింటోష్‌లు, అటారీలు, ఇవి ఇవాళ్టికీ మెయిన్‌లైన్ (అధికారిక) కెర్నల్‌లో ఉన్నాయి (మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్ ఉన్న మోడల్ అయితేనే, మామూలు అమీగా 500కి ఇది కుదరదు). ఎందుకంటే ఆ కోడ్‌కి ఏళ్ల తరబడి ఒకే మెయింటెయినర్ ఉన్నారు, గీర్ట్ ఊటర్‌హోవెన్, ఆయన చుట్టూ మెషీన్లు ఇంట్లో ఉంచుకుని ప్రతి కొత్త కెర్నల్‌నీ బూట్ చేసి చూసే చిన్న గుంపు ఉంది. మిగతా కెర్నల్ మారినప్పుడల్లా వీళ్లు తమ కోడ్‌ని కూడా మారుస్తారు, ఇంకొకళ్లకి భారం కానివ్వరు. ఇటానియమ్‌కి కంపెనీలు ఉన్నాయిగానీ అలాంటి గుంపు సరిపడా లేకపోయింది. వాళ్లూ కోడ్‌ని మెయిన్‌లైన్ బయట నడిపించడానికి ప్రయత్నం చేశారు, కానీ బయట ఉండి ప్రతి కొత్త వెర్షన్‌ని పట్టుకోవడం చాలా కష్టమైన పని.

టెస్ట్ మెషీన్ ఎంత ముఖ్యమో ఫ్లాపీ డ్రైవర్ చెబుతుంది. 2019లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ దాన్ని "అనాథ" అని మార్క్ చేసినప్పుడు చెప్పిన కారణం, పనిచేసే నిజమైన ఫ్లాపీ హార్డ్‌వేర్ దొరకడమే కష్టమైపోయిందని. ఎమ్యులేటర్‌లో (మెషీన్‌ని సాఫ్ట్‌వేర్‌లో నకలు చేసే ప్రోగ్రామ్‌లో) నడిపి చూడొచ్చు కదా అంటే, చూడొచ్చు, కానీ ఎమ్యులేటర్‌కి మోటార్ తిరగడంలో ఆలస్యం ఉండదు, అరిగిన డిస్క్ ఉండదు, చిప్ మాన్యువల్‌లో రాయని తిక్క ఏదీ ఉండదు. క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో పాస్ అయిన కోడ్ అసలు మెషీన్ మీద బూట్ కాకపోవడం ఈ రంగంలో మామూలే.

కంపైలర్ పోతే అన్నీ పోయినట్టే

ఈ పొర గురించి బయట పెద్దగా మాట్లాడరుగానీ ముందు ముందు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ ఇక్కడే. జీసీసీ కంపైలర్‌లో కండిషన్ కోడ్‌లని పట్టుకునే ఒక పాత పద్ధతి ఉండేది, దాన్ని పూర్తిగా తీసేస్తామని టీమ్ ప్రకటించింది, మారని ప్రాసెసర్ బ్యాకెండ్‌లు (ఒక్కో ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేసే భాగాలు) జీసీసీ 11లో ఉండవని కూడా చెప్పింది. 68000, వ్యాక్స్ (పాత మినీ కంప్యూటర్లు), ఏవీఆర్ (చిన్న కంట్రోలర్ చిప్‌లు) మూడూ ఆ ప్రమాదంలో పడ్డాయి. 68000 అభిమానులు డబ్బులు పోగేసి బహుమతి పెడితే 2019లో ఒక అనుభవజ్ఞుడు దాన్ని మార్చి ఇచ్చాడు, మరుసటి ఏడాది వ్యాక్స్‌కీ ఇంకొకరు చేశారు. ఆ పని జరగకపోతే కెర్నల్‌లో 68000 కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా దాన్ని కంపైల్ చేసే కొత్త టూల్ ఉండేది కాదు.

ఇప్పుడు అలాంటి ప్రమాదమే రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వల్ల వస్తోంది. రస్ట్ కంపైలర్ ఎల్‌ఎల్‌వీఎం అనే ఇంకో కంపైలర్ వ్యవస్థ మీద నడుస్తుంది, ఎల్‌ఎల్‌వీఎంకి తెలియని ప్రాసెసర్ చాలానే ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో పైథాన్‌లో అందరూ వాడే క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ 3.4 వెర్షన్‌ని మామూలుగా కట్టడానికి రస్ట్ కావాల్సి వచ్చినప్పుడు ఆల్ఫా, హెచ్‌పీపీఏ లాంటి ఆర్కిటెక్చర్లలో అది ఆగిపోయింది, పెద్ద గొడవ జరిగింది. 2025 అక్టోబర్ చివర్లో డెబియన్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ టూల్‌లోనే 2026 మే తర్వాత రస్ట్ తప్పనిసరి చేస్తామని ప్రకటన వచ్చింది, రస్ట్ లేని పోర్ట్‌లు (ఒక్కో ప్రాసెసర్ రకానికి తయారుచేసిన డెబియన్ రూపాలు) ఆరు నెలల్లో తెచ్చుకోవాలి లేదా మూసేసుకోవాలి అన్నారు. ప్యాకేజీ ఫైల్స్‌ని చదివే కోడ్‌లో మెమరీ తప్పులు సెక్యూరిటీకి నేరుగా ప్రమాదం కాబట్టి ఆ నిర్ణయం వెనక కారణం బలమైనదే. కానీ ఆరు నెలల్లో ఒక ప్రాసెసర్‌కి రస్ట్ తేవడం అంటే కొద్దిమంది వాలంటీర్లకి చాలా పెద్ద పని. జీసీసీ ద్వారా రస్ట్ కోడ్ కట్టే ప్రయత్నాలు రెండు నడుస్తున్నాయి, అవి ఎంత త్వరగా పక్కాగా పనిచేస్తే అరుదైన ప్రాసెసర్లకి అంత ఊపిరి.

నెట్‌బీఎస్‌డీ దారి వేరు

1993లో మొదలైన నెట్‌బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఈ సమస్యని డిజైన్‌లోనే పట్టుకుంది, 2024 మార్చిలో వచ్చిన వెర్షన్ 10లో కూడా వ్యాక్స్, అమీగా, అటారీ, పాత సన్ మెషీన్లు, సెగా డ్రీమ్‌కాస్ట్ ఉన్నాయి. ఎలా అంటే, డ్రైవర్ రాసేవాళ్లు హార్డ్‌వేర్ రిజిస్టర్‌ని నేరుగా ముట్టుకోరు. "బస్ స్పేస్" అనే ఒక మధ్య పొరని అడుగుతారు, ఈ అడ్రస్ దగ్గర ఒక బైట్ చదివి ఇవ్వు అని. బైట్ల వరస ఈ మెషీన్‌లో తిరగబడి ఉంటుందా, రిజిస్టర్ల మధ్య దూరం ఎంత, మెమరీలా చదవాలా పోర్ట్‌లా చదవాలా అన్నవన్నీ ఆ పొర చూసుకుంటుంది. ఎన్‌ఈ2000 రకం నెట్‌వర్క్ చిప్ ఉందనుకోండి, పీసీలో ఉన్నా అమీగా కార్డ్ మీద ఉన్నా దాని అసలు లాజిక్ ఒకే ఫైల్‌లో ఉంటుంది. కొత్త మెషీన్ వస్తే రాయాల్సింది కొంచెమే, పీసీ కోసం సరిచేసిన బగ్ వ్యాక్స్‌లోనూ సరైపోతుంది.

రెండోది బిల్డ్ చేసే పద్ధతి. ఒక వేగమైన పీసీ మీద ఒక్క స్క్రిప్ట్ నడిపితే అది ముందు కావాల్సిన కంపైలర్‌ని కట్టుకుని, తర్వాత మొత్తం సిస్టమ్‌ని ఏ ప్రాసెసర్‌కి కావాలంటే ఆ ప్రాసెసర్‌కి తయారుచేసి ఇస్తుంది. వ్యాక్స్ మీద వ్యాక్స్ సిస్టమ్‌ని కంపైల్ చేస్తూ రోజులు కూర్చోక్కర్లేదు.

దాని నుంచే విడిపోయిన ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఏ ప్లాట్‌ఫామ్ అయినా తన సిస్టమ్‌ని తన మీదే కట్టుకోగలగాలి అంటారు. ఆ నియమం వల్ల మెషీన్ నిజంగా బతికే ఉందో లేదో రోజూ తేలిపోతుంది, అదే నియమం వల్ల నెమ్మది మెషీన్లు తట్టుకోలేక రాలిపోతాయి కూడా, వ్యాక్స్‌ని 2016లో వదిలేశారు. అయినా వాళ్లు అరుదైన ప్రాసెసర్లు ఉంచుకోవడానికి చెప్పే కారణం విలువైనది: స్పార్క్64 లాంటి ప్రాసెసర్ బైట్ల వరస వేరుగా పెట్టుకుంటుంది, అలైన్‌మెంట్ తప్పితే (డేటా సరైన అడ్రస్ హద్దు మీద లేకపోతే) వెంటనే ఆపేస్తుంది, కాబట్టి పీసీలో ఏళ్ల తరబడి దాక్కున్న బగ్ అక్కడ మొదటి రోజే బయటపడుతుంది. అంటే పాత మెషీన్ వల్ల లాభం దాని ఓనర్‌కి మాత్రమే కాదు.

నెట్‌బీఎస్‌డీలోనూ అన్ని పోర్ట్‌లూ సమానం కావు, కొత్త ఎక్స్86, ఆర్మ్ లాంటివి మొదటి శ్రేణి, మిగతావి రెండో శ్రేణి. రెండో శ్రేణిలో రిలీజ్ వస్తుంది, అది ఏ మేరకు నడుస్తుందనేది వాలంటీర్ల మీద ఉంటుంది.

ఈ పెద్ద సిస్టమ్స్ బయట చూస్తే, డాస్ ప్రోగ్రామ్‌లు నడపాలంటే 1994లో మొదలైన ఫ్రీడాస్ ఇంకా రిలీజ్‌లు ఇస్తూనే ఉంది, 2025లో 1.4 వచ్చింది. 8086 లాంటి 16-బిట్ చిప్‌లకి ఎల్క్స్, జడ్80 లాంటి 8-బిట్ వాటికి ఫజిక్స్ ఉన్నాయి. మొత్తం అసెంబ్లీలో రాసిన కొలిబ్రీఓఎస్ ఒక 1.44 ఎంబీ ఫ్లాపీలో గ్రాఫికల్ డెస్క్‌టాప్‌తో సహా పడుతుంది. హైకూ ఇప్పటికీ 32-బిట్ పీసీకి రిలీజ్ ఇస్తోంది.

కొత్తదే, కానీ అరుదు

ఇక్కడ కష్టం వేరే రకం. పీసీలో ఏ కార్డ్ ఎక్కడుందో హార్డ్‌వేరే చెబుతుంది. ఆర్మ్ బోర్డ్‌లలో, ఫోన్లలో చాలా భాగాలు అలా చెప్పవు, ఏ చిప్ ఏ అడ్రస్‌లో, ఏ క్లాక్, ఏ వోల్టేజ్ అన్నది డివైస్ ట్రీ అనే ఫైల్‌లో ఎవరో రాయాలి. ప్రాసెసర్‌కి పూర్తి సపోర్ట్ ఉన్నా ఆ ఒక్క మోడల్‌కి ఈ ఫైల్ లేకపోతే స్క్రీన్ వెలగదు. పాత ఫోన్లకి లినక్స్ తెచ్చే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వాళ్ల కష్టంలో పెద్ద భాగం ఇదే, ఒక్కో ఫోన్‌కీ విడివిడిగా.

ఆపిల్ ఎం1 మ్యాక్‌లకి లినక్స్ తెచ్చిన అసాహీ ప్రాజెక్ట్ డాక్యుమెంట్లు లేకుండానే గ్రాఫిక్స్ చిప్ ఎలా పనిచేస్తుందో విడమరిచి కనుక్కుంది, ఆ కెర్నల్ డ్రైవర్‌ని రస్ట్‌లో రాసింది. అంటే పాత ప్రాసెసర్లకి అడ్డు అయిన అదే భాష ఇక్కడ సాయం చేసింది. డెబియన్ 13 32-బిట్ పీసీని తగ్గిస్తూ, రిస్క్-వీ అనే కొత్త ప్రాసెసర్ రకం 64-బిట్ రూపాన్ని అధికారికంగా చేర్చుకుంది.

రౌటర్లలో అయితే లిమిట్ జాగా. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ సోర్స్ కోడ్ బయటికి రావడంతో పుట్టిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం చేసిన లినక్స్), 21.02 వెర్షన్ నుంచి కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ కావాలంటోంది. 4 ఎంబీ ఫ్లాష్‌లో కొత్త కెర్నలే ఇరుగ్గా పడుతుంది, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు.

వాడేవాళ్ల మీద ప్రభావం

పాత పీసీలో కెర్నల్ బూట్ అయ్యి, డెస్క్‌టాప్ వచ్చి, బ్రౌజర్ తెరవగానే చేతులెత్తేయడం చాలామంది చూసేదే. ఫైర్‌ఫాక్స్‌కి 2017 నుంచి లినక్స్‌లో ఎస్‌ఎస్‌ఈ2 ఇన్‌స్ట్రక్షన్లు కావాలి, అవి 2000లో పెంటియమ్ 4తో వచ్చాయి, కాబట్టి పెంటియమ్ 3, అథ్లాన్ ఎక్స్‌పీ అప్పుడే బయటికెళ్లాయి. క్రోమ్ 32-బిట్ లినక్స్‌ని 2016లోనే వదిలేసింది. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ కూడా ఆగిపోయాక 32-బిట్‌కి మిగిలింది 140 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్), దానికి అప్‌డేట్లు కనీసం 2026 సెప్టెంబర్ వరకు అన్నారు. తర్వాత డిస్ట్రోలు సొంతంగా కట్టి ఇస్తే ఇవ్వొచ్చుగానీ, సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని బ్రౌజర్‌తో బ్యాంక్ సైట్ తెరవడం మంచిది కాదు.

అందుకే 32-బిట్ మెషీన్‌ని రోజువారీ బ్రౌజింగ్‌కి వాడాలనుకుంటే దారి మూసుకుపోతోంది, ఫైల్ సర్వర్, టెర్మినల్, పాత లాబ్ పరికరానికి సీరియల్ కేబుల్‌తో మాట్లాడే మెషీన్, రాసుకోవడానికి ఒక ఎడిటర్, ఇలాంటివాటికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పనికొస్తుంది. యాంటీఎక్స్, ఆల్పైన్, వాయిడ్ లాంటివి 32-బిట్ రిలీజ్‌లు ఇచ్చాయి, నెట్‌బీఎస్‌డీ ఎలాగూ ఉంది. అయితే ప్రాసెసర్ నిజంగా 32-బిట్‌దేనా అని ముందు చూసుకోవాలి, 2000ల మధ్యలో వచ్చిన సిస్టమ్స్‌లో చాలావాటికి లోపల 64-బిట్ ప్రాసెసర్ ఉండి, పైన 32-బిట్ విండోస్ వేసి అమ్మారు. లినక్స్ టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ (lscpu) అని కొడితే మొదట్లోనే కనపడుతుంది.

ఏది ఎంచుకున్నా 2038 జనవరి 19 లెక్కలో పెట్టుకోవాలి. టైమ్‌ని 32 బిట్లలో సెకన్లుగా లెక్కపెట్టే సిస్టమ్స్‌లో ఆ రోజు లెక్క నిండిపోయి తేదీ 1901కి వెళ్తుంది. నెట్‌బీఎస్‌డీ 2012లో, ఓపెన్‌బీఎస్‌డీ 2014లో 32-బిట్ మెషీన్లకి కూడా 64-బిట్ టైమ్‌కి మారిపోయాయి. లినక్స్ కెర్నల్ 2020లో 5.6తో సిద్ధమైందిగానీ పైనున్న ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ కట్టాలి. డెబియన్ 13 ఆ పని 32-బిట్ ఆర్మ్‌కి చేసింది. 32-బిట్ పీసీకి మాత్రం కావాలనే చెయ్యలేదు, ఎందుకంటే ఆ పోర్ట్ ఇప్పుడు ఉన్నదే 64-బిట్ సిస్టమ్ మీద పాత బైనరీ ప్రోగ్రామ్‌లు నడపడానికి, టైమ్ సైజ్ మారిస్తే ఆ బైనరీలే విరిగిపోతాయి. కాబట్టి అదే పాత పీసీని 2038 దాటించాలంటే డెబియన్‌లో దారి లేదు, నెట్‌బీఎస్‌డీలో పదేళ్ల కిందటే ఉంది.